వదిన శాలువాకు గట్టి పిన్ను

ఆ దారిలో తిరిగే బస్సుల్లో ఒక బస్సుకు మాత్రం డ్రైవరు, కండక్టరు ఇద్దరికీ జనం పెట్టిన పేర్లు ఉండేవి. డ్రైవరు నత్తన్న. కండక్టరు మైకమ్మ. వాళ్ళ అసలు పేర్లు డిపోలో హాజరు పిలిచేటప్పుడు తప్ప ఇంకెక్కడా వినపడేవి కావు.

ఆయనది నిజంగానే నత్తనడక. ఖాళీ రోడ్డు మీద కూడా ఒళ్ళో పాలగిన్నె పెట్టుకున్నవాడిలా బండి నడిపేవాడు. ఆయన బస్సెక్కి పెళ్ళికి బయల్దేరితే మనవడి పెళ్ళికి చేరతామని కాలేజీ పిల్లలు నవ్వుకునేవారు. ఇక ఆమె గొంతు సంగతి చెప్పనే అక్కర్లేదు. "లోపలికి జరగండి, లోపల ఇల్లు కట్టుకునేంత చోటుంది" అని ఒక్క కేక వేస్తే, నిలబడి కునుకు తీస్తున్నవాళ్ళు కూడా కళ్ళు తెరవకుండానే రెండడుగులు వేసేవారు. ఆమె వెనక తలుపు దగ్గర నిలబడి రేకు మీద అరచేత్తో కొడితే ఆయన బండి కదిలించేవాడు. చివరి స్టాపులో దిగి చెరో కప్పు టీ తాగేవారు. ఆమె ఆయన్ను అన్నా అనేది, ఆయన ఆమెను అమ్మాయ్ అనేవాడు. ఏళ్ళ తరబడి అలాగే నడిచింది.

ఒక మధ్యాహ్నం, వంతెన దాటి టోకు మార్కెట్ ముందున్న ఎత్తు ఎక్కాక, బస్సు మెల్లగా ఎడమవైపుకు ఒరిగి, రోడ్డు పక్క మట్టిలోకి దిగి ఆగింది. అక్కడ స్టాపు లేదు. ఎదురుగా బండ్లూ లేవు. ఆమె వెనక నుంచి, "అన్నా, ఏమైంది?" అని కేక వేసింది. జవాబు రాలేదు. "ఇంకేముంది, నత్తకు అలుపొచ్చింది" అని ఎవరో అన్నారు, పక్కవాళ్ళు నవ్వారు. ఆ నవ్వులోంచే ఆమె జనాన్ని తోసుకుంటూ ముందుకు వెళ్ళింది. ఆయన స్టీరింగ్ మీద తల వాల్చి ఉన్నాడు. నిద్రపోతున్నట్టే ఉన్నాడు గానీ, మెడ మీద చెయ్యి వేస్తే ఆమెకు తెలిసిపోయింది.

ఆ తరువాత ఆమె చెయ్యవలసినవన్నీ చేసింది. ఆసుపత్రికీ డిపోకూ ఫోన్ చేసింది. జనాన్ని కిందికి దించింది. వెనక వచ్చిన బస్సును ఆపి అందరినీ అందులో ఎక్కించింది. ఒక ముసలమ్మ తన బుట్ట లోపలే మరిచిపోయానంటే మళ్ళీ ఎక్కి, స్టీరింగ్ పక్కనుంచే వెళ్ళి, ఆ బుట్ట తెచ్చి ఇచ్చింది. ఆసుపత్రి బండి వచ్చి ఆయన్ను తీసుకువెళ్ళేదాకా రోడ్డు పక్కన నిలబడింది. ఎక్కడా గొంతు వణకలేదు. సాయంత్రం డిపోలో మేనేజరు లేచి నిలబడి, "ఎంత నిబ్బరమమ్మా నీకు. ఇంకొకళ్ళయితే అక్కడే కూలబడిపోయేవాళ్ళు" అన్నాడు. ఆమె తలూపి ఇంటికి వెళ్ళింది. అన్నం తిన్నది. యూనిఫాం ఉతికి ఆరేసింది. పడుకోగానే నిద్ర పట్టింది.

నిబ్బరం కాదని ఆమెకు తెలుసు. నిబ్బరమంటే లోపల ఏదో పొంగుతుంటే దాని మీద మూత పెట్టి పట్టుకోవడం. ఆమె లోపల పొంగడానికి ఏమీ లేదు. పంటి డాక్టరు సూది వేశాక దవడ ఎలా ఉంటుందో, మనిషంతా అలా ఉంది. అంత్యక్రియల దగ్గర డ్రైవరు భార్య ఈమె భుజం పట్టుకుని ఏడుస్తుంటే, ఈమె ఆవిడ జడ చివర ఊడిపోతున్న రబ్బరు బ్యాండునే చూస్తూ నిలబడింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అన్నేళ్ళు కలిసి పనిచేసింది, ఒక్క కన్నీటి బొట్టయినా రాలలేదు, మనిషా రాయా అని ఎవరో అన్నారట. ఆ మాట ఆమె చెవిన పడింది. చీమ కుట్టినట్టయినా అనిపించలేదు.

మర్నాడే డ్యూటీకి వెళ్ళింది. టిక్కెట్లు సరిగానే ఇచ్చేది, చిల్లర సరిగానే ఇచ్చేది. స్టాపుల పేర్లు మాత్రం కేక వెయ్యడం మానేసింది. మానెయ్యాలని అనుకోలేదు, నోరు తెరవాలని తోచేది కాదు, అంతే. ఆ గొంతుకు అలవాటు పడ్డ జనం తమ స్టాపులు దాటిపోయాక తేరుకుని గొడవపడేవారు. కళ్ళు సరిగా కనపడని ఒక పెద్దాయన దిగవలసిన చోటు దాటి ఊరి చివరిదాకా వెళ్ళిపోయాడు. ఆయన కొడుకు డిపోకు వచ్చి నిలదీశాడు. మేనేజరు ఆమెను పిలిచి, కోపంగా కాకుండానే, "కొన్నాళ్ళు ఇంట్లో ఉండమ్మా. నీకు చెప్పకుండా నీ ఒళ్ళే సెలవు పెట్టేసింది" అన్నాడు.

ఇల్లంటే రెండు గదులు, ఒక వంటగది. అందులో ఆమె, లిఫ్టులు బాగుచేసే భర్త, ఆయన తల్లి. అత్తగారు వయసులో ఉండగా గోనెసంచుల మిల్లులో పనిచేసింది. మనిషిని చూసి బరువు చెప్పగలదని, ఆవులించకుండానే పేగులు లెక్కపెడుతుందని కొడుకు ఆవిడను ఆటపట్టించేవాడు. కోడలు ఇంట్లో కూర్చున్న కొత్తలో ఆవిడ ఏమీ అనలేదు. కోడలు కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, ఎదురింటి గోడ మీద నీళ్ళ గొట్టం కారిన మరకను చూస్తూ కూర్చునేది. భోజనానికి పిలిస్తే వచ్చేది, పెట్టింది తినేది.

"ఏడవరాదూ" అన్నది అత్తగారు ఒకరోజు చిక్కుడుకాయలు ఒలుస్తూ.

"రావట్లేదత్తయ్యా."

"మరి తిట్టు. ఆ పోయినాయన్నే తిట్టు. నడిరోడ్డు మీద నిన్నొదిలేసి పోయాడు కదా."

"తిట్టాలనీ లేదు."

అత్తగారు ఒలిచిన గింజల్ని గిన్నెలోకి దులిపింది. "సరే. అయితే ఇవి ఒలువు. చేతులకైనా పని ఉంటుంది" అని చిక్కుళ్ళు ఆమె ముందుకు తోసింది. ఆమె ఒలిచింది. అయిపోయాయని అత్తగారు చెప్పేదాకా తొక్కల్ని కూడా మళ్ళీ ఒలుస్తూనే ఉంది.

చలి ముదిరాక డ్రైవరు భార్య వాళ్ళింటికి వచ్చింది. ఈమె ఆవిడను వదినా అని పిలిచేది. ఆవిడ పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ ఎక్కడికో బయల్దేరబోతున్నట్టు కుర్చీ అంచున కూర్చునే మనిషి. ఒంటి మీద ముతక ఉన్ని శాలువా ఉంది. మెడ దగ్గర దాన్ని గుప్పిట్లో పట్టుకుని ఉంది. అత్తగారు టీ పెట్టి తెచ్చేదాకా ఆ గుప్పిట వదల్లేదు.

"డిపో క్యాంటీన్లో నన్ను పనిలోకి తీసుకున్నారు" అన్నది వదిన. "తెల్లారకముందే వెళ్ళి పొయ్యిలు వెలిగించాలి. సైకిల్ మీద వెళ్తుంటే ఈ శాలువా గాలికి ఊడొచ్చేస్తోంది. మొన్న చక్రంలో పడి నన్ను కూడా పడేసేదే. పిన్నీసు పెడితే వంగిపోతోంది. బజార్లో అందంగా ఉన్న పిన్నొకటి కొన్నాను, రెండో రోజుకే పువ్వొకచోట, సూదొకచోట."

"ఇప్పటివన్నీ అంతేనమ్మా, పైన పటారం లోన లొటారం" అన్నది అత్తగారు.

వదిన కండక్టరు వైపు తిరిగింది. "నువ్వు చిన్నప్పుడు మీ పిన్ని దగ్గర పూసలపని నేర్చుకున్నావని మీ అన్న చెప్పేవాడు. నాటకాల వాళ్ళ బట్టలకు పూసలు కుట్టేదట కదా ఆవిడ. నాకొక పిన్ను చేసిపెడతావా? అందం లేకపోయినా ఫర్వాలేదు. గట్టిది కావాలి. పట్టి లాగినా ఊడకూడదు."

కాదనడానికి ఒక కారణం వెతుక్కోవాలి. ఔననడానికి అదేమీ అక్కర్లేదు. అందుకని ఆమె, "సరే వదినా" అన్నది.

వదిన లేచి గుమ్మం దాకా వెళ్ళి, చెప్పుల్లో కాళ్ళు పెట్టి, వెనక్కి తిరిగింది. ఏదో అడగబోయింది. మళ్ళీ శాలువా గుప్పిట్లో బిగించుకుని, "తొందరేం లేదులే" అని వెళ్ళిపోయింది.

పూసల డబ్బా బీరువా అడుగున, పాత దుప్పట్ల కింద ఉంది. పిన్ని పోతూ పోతూ ఇచ్చిన బిస్కెట్ డబ్బా అది. ఉద్యోగంలో చేరాక ఆమె దాన్ని తెరవలేదు. మూత బిగుసుకుపోతే భర్త స్క్రూడ్రైవరుతో లేపి తీశాడు. లోపల చిన్న చిన్న సీసాల్లో ఆవగింజంత గాజుపూసలు, రంగు రంగువి, కొన్ని సీసాలు పగిలి అన్నీ కలిసిపోయాయి. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని, పళ్ళెంలో తెల్ల గుడ్డ పరిచి, వాటిని రంగుల వారీగా ఏరడానికి కూర్చుంది.

మొదట చేసిన పిన్ను పాడైంది. ఆమె ఒక గుడ్డముక్క మీద ఎర్రపూసలతో పువ్వు కుట్టి, వెనక అట్టముక్క అంటించి, దాని మీద జిగురుతో పిన్నీసు అతికించింది. చూడ్డానికి బాగానే ఉంది. అత్తగారు దాన్ని తీసుకుని మంచం మీది కంబళికి గుచ్చి, రెండు చేతులతో కంబళి పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. పువ్వు ఎగిరి గూట్లో పడింది. పిన్నీసు కంబళికే ఉండిపోయింది.

"ఈ వయసులో నేను లాగితేనే ఇలా ఉంటే, గాలి లాగితే ఏం మిగులుతుంది?" అన్నది అత్తగారు. "సంచి మూతి కుట్టేటప్పుడు మా మేస్త్రీ ఒకటే మాట అనేవాడు. బరువు దారం మీద పడాలి గానీ జిగురు మీద పడకూడదని."

కోడలు ఆ పువ్వును తీసి పక్కన పెట్టింది. సిగ్గుపడలేదు, విసుక్కోలేదు. ఇంకో గుడ్డముక్క కత్తిరించుకుంది.

ఈసారి మందమైన ఉన్ని గుడ్డ తీసుకుని చట్రంలో డోలు చర్మంలా బిగించింది. నైలాన్ దారాన్ని కొవ్వొత్తి ముక్క మీదుగా లాగింది. అలా చేస్తే దారం చిక్కుపడదు, పూస అంచుకు కోసుకుపోదు. సూది కిందినుంచి పైకి తెచ్చి, రెండు పూసలు ఎక్కించి, గుడ్డ మీద పడుకోబెట్టి, సూదిని కిందికి దించింది. మళ్ళీ ఆ రెండు పూసల మధ్యలోంచి పైకి వచ్చి, రెండో పూసలోంచి దారం ఇంకోసారి దూర్చింది. ప్రతి రెండు పూసలకూ ఒకడుగు ముందుకు, అరడుగు వెనక్కు. పిన్ని నేర్పిన కుట్టు అదే. ఒకచోట దారం తెగినా మిగతా వరస రాలిపోదు.

ఏం బొమ్మ వెయ్యాలో ఆమె అనుకోలేదు. మధ్యలో ఒక తేనెరంగు పూస పెట్టి దాని చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ఆలోచించని చేతికి గుండ్రంగా తిరగడమే తేలిక. వరస పక్కన వరస, తేనెరంగు అయిపోతే గోధుమరంగు, అది అయిపోతే మళ్ళీ తేనెరంగు. కిటికీలోంచి ఎండ పళ్ళెం మీదికి వచ్చి, మంచం మీదుగా పాకి, గోడెక్కి పోయేది. ఆమె అలా తిప్పుతూనే ఉండేది. కష్టమని గానీ హాయి అని గానీ లేదు. వేలికి సూది గుచ్చుకుంటే నోట్లో పెట్టుకుని మళ్ళీ కుట్టేది. అత్తగారు ఎదురుగా కూర్చుని సూదుల్లో దారం ఎక్కించబోయి, ఎక్కక, దారాన్ని తిడుతూ ఉండేది.

గుండ్రం పూర్తయ్యాక చూస్తే బోసిగా ఉంది. బూడిదరంగు పూసలు బోలెడున్నాయని, గుండ్రం కింద వాటితో ఒక పొడుగాటి వరస వేసింది. ఒక చివర సన్నంగా, ఇంకో చివర కాస్త లావుగా వచ్చింది. లావు చివర రెండు చిన్న గీతలు కుట్టింది. అత్తగారు తొంగి చూసి, "అవి పైకి లేపకు. కొమ్ముల్లా పొడుచుకుని ఉంటే మొదటి రోజే ఊడిపోతాయి. గుడ్డకే అంటించి కుట్టు" అన్నది. ఆమె అలాగే కుట్టింది.

అసలు పని వెనకవైపే. వాడేసిన నూనె డబ్బా ప్లాస్టిక్కును బొమ్మ కంటే పూసవాసి చిన్నగా కత్తిరించింది. కంబళ్ళకు పెట్టే లావుపాటి స్టీలు పిన్నీసు తీసుకుని, దాని కదలని కడ్డీ ఎక్కడ కూర్చోవాలో ప్లాస్టిక్కు మీద గుర్తుపెట్టి, ఆ గుర్తుకు అటూ ఇటూ కాల్చిన సూదితో బెజ్జాలు పొడిచింది. కడ్డీని ఆ బెజ్జాల్లోంచి దారంతో మళ్ళీ మళ్ళీ చుట్టి కట్టేసింది. మధ్యలో పెట్టకుండా కాస్త పైకి పెట్టింది, లేకపోతే బరువుకు బొమ్మ ముందుకు తల వాల్చేస్తుంది. తన పాత టిక్కెట్ల సంచి తోలు మూతలోంచి ఒక ముక్క కోసి, రెండు గాట్లు పెట్టి, పిన్నీసు సూదీ కొక్కెమూ మాత్రం బయటికి వచ్చేట్టు దాని మీద కప్పింది. ఉన్ని గుడ్డ, ప్లాస్టిక్కు, తోలు, మూడూ కలిపి పట్టుకుని చుట్టూ అంచు కుట్టింది. ఒక్కో కుట్టుకు ఒక్కో పూస. తోలులోంచి సూది దిగకపోతే భర్త పట్టుకారుతో లాగిపెట్టాడు.

చివరి ముడి వేసి, దాన్ని అంచుపూసల కిందికి దూర్చి, దారం కత్తిరించాక భర్త దాన్ని అరచేతిలో పెట్టుకుని లైటు కిందికి తీసుకెళ్ళాడు. ఆయన ముఖం మీద నవ్వు పరుచుకుంది.

"అచ్చం నత్తే" అన్నాడు. "మీ అన్నే. కొమ్ములతో సహా దించేశావ్."

ఆమె ఆయన చేతిలోంచి దాన్ని లాక్కుని చూసింది. నిజమే. తేనెరంగు చిప్ప, బూడిదరంగు ఒళ్ళు, తల మీద రెండు కొమ్ములు. ఇన్నాళ్ళూ కళ్ళెదురుగా ఉన్నా ఆమెకు కనపడలేదు. భర్త పోయి పట్టుమని నాలుగు నెలలు కాని మనిషికి, ఊరంతా నవ్వుకున్న ఆ ఎగతాళి పేరును మెళ్ళో తగిలించుకోమని ఇవ్వబోతోంది. చాలా రోజుల తరువాత ఆమెకు తెలిసిన మొదటి సంగతి భయం.

కత్తెర తీసి అంచు కుట్టు మీద పెట్టింది. మొన కుట్టు కిందికి దూరలేదు. అంత బిగువుగా కుట్టింది.

"ఏం చేస్తున్నావ్?" అన్నది అత్తగారు.

"విప్పేస్తాను. నత్తంటే ఏమనుకుంటుంది వదిన? వెక్కిరించాననుకోదూ?"

"ఇలా ఇవ్వు." అత్తగారు పిన్నును తీసుకుని మళ్ళీ కంబళికి గుచ్చింది. కొడుకును ఒక కొసన పట్టుకోమని, తను ఇంకో కొసన పట్టుకుని లాగింది. కంబళి దారాలు చిటచిటమన్నాయి. నత్త కదల్లేదు. "ఆవిడ గట్టిది అడిగింది, ఇది గట్టిది. నత్తో, నక్కో, అది ఆవిడ తేల్చుకుంటుంది. వద్దంటే అప్పుడు ఇంకోటి కుడుదువు. అడక్కముందే విప్పడమెందుకు?"

మర్నాడు మధ్యాహ్నం, క్యాంటీన్ పని ముగిసే వేళ చూసుకుని ఆమె వదిన ఇంటికి వెళ్ళింది. మేడ మీద ఒకటే గది, పక్కన వంటకు చిన్న చోటు. డిపోకు తిరిగి ఇచ్చెయ్యాల్సిన డ్రైవరు చొక్కాలు ఉతికి, ఇస్త్రీ చేసి, కుర్చీలో దొంతరగా పెట్టి ఉన్నాయి. గోడకు వేలాడుతున్న గిన్నెలన్నీ అడుగులు నల్లగా మాడి ఉన్నాయి. వదిన ఆమెను మంచం మీద కూర్చోబెట్టి, తను స్టూలు అంచున కూర్చుంది.

ఆమె కాగితం పొట్లం విప్పి ఇచ్చింది. వదిన దాన్ని తిప్పి వెనకవైపు చూసింది, కొక్కెం తీసి పెట్టి చూసింది. ఆ తరువాతే బొమ్మ వైపు తిప్పింది.

"నత్త కదా ఇది" అన్నది.

"అనుకుని చెయ్యలేదు వదినా. అలా వచ్చింది. వద్దంటే ఇంకోటి చేస్తాను. పువ్వు చేస్తాను."

"ఆయన్ను అలా పిలిచేవాళ్ళని నాకు తెలుసు. ఆయనే చెప్పాడు. చెప్పి తనే నవ్వాడు." వదిన నత్త చిప్ప మీద బొటనవేలితో వరస వెంట వరస రాసింది. "నాకు మాత్రం నమ్మబుద్ధి కాలేదు. ఇంట్లో ఆయనకి ఎంత తొందరో నీకు తెలీదు. అన్నం నిలబడే తినేవాడు. చొక్కా బొత్తాలు మెట్లు దిగుతూ పెట్టుకునేవాడు. టీ తనే పెట్టుకుని, పొయ్యి ఆర్పకుండా వెళ్ళిపోయేవాడు. ఆ గిన్నెలన్నీ చూడు, ఆయన పుణ్యమే. ఆ మనిషి బస్సెక్కి నత్తలా ఎలా అయ్యేవాడో నేనెప్పుడూ చూళ్ళేదు."

ఆమెకు తెలిసిన అన్న వేరు. టీ కప్పు రెండు చేతుల మధ్య పెట్టుకుని చల్లారేదాకా కూర్చునే మనిషి.

వదిన పిన్ను మీంచి కళ్ళెత్తకుండానే అడిగింది. "ఆరోజు ఏమైనా అన్నాడా?"

"ఏం అనలేదు వదినా."

"నిన్ను పిలవలేదా?"

"లేదు. నేనే పిలిచాను, పలకలేదు."

వదిన తలూపింది. "ఏం చేశాడు మరి? మొదటి నుంచీ చెప్పు" అన్నది.

డిపోలో, ఆసుపత్రిలో అందరూ ఆమెను అడిగింది తను ఏం చేసిందనే. ఆయన ఏం చేశాడని ఎవరూ అడగలేదు. ఆమె జ్ఞాపకం చేసుకుంటూ ఒక్కొక్కటీ చెప్పింది. "ఎత్తు ఎక్కాక వేగం తగ్గించాడు. ఎడమవైపు సిగ్నల్ వేశాడు. వెనకాల పాల వ్యాను వస్తోంది, అది దాటిపోయేదాకా ఆగి, అప్పుడు మట్టిలోకి దింపాడు. ఒక్కరు కూడా తూలి పడలేదు."

"హ్యాండ్ బ్రేక్ వేశాడా?"

"వేశాడు. డిపో వాళ్ళొచ్చి చూశారు."

"ఇంజన్?"

"ఆపేశాడు వదినా. తాళం కూడా తిప్పేసి ఉంది."

వదిన పెదవులు బిగించుకుంది. నవ్వబోతోందో ఏడవబోతోందో ఆవిడకే తెలిసినట్టు లేదు. "ఇంట్లో ఒక్కరోజు పొయ్యి ఆర్పిన పాపాన పోలేదు" అన్నది. ఆ మాట పూర్తికాకుండానే ఏడుపు వచ్చేసింది. స్టూలు మీదే ముందుకు వంగి, పిన్ను గుప్పిట్లో పట్టుకుని ఏడ్చింది.

కండక్టరు లేచి ఆవిడ పక్కన నిలబడి వీపు మీద చెయ్యి వేసింది. తనకూ వస్తుందేమోనని చూసింది. రాలేదు. కానీ చేతి కింద ఆవిడ వీపు వెచ్చగా ఉందని, ఊపిరికి ఎగిరెగిరి పడుతోందని తెలుస్తోంది. ఆ చెయ్యి తీసెయ్యాలనిపించలేదు. వదిన ఏడుపు ఆగి, ముఖం కడుక్కుని, శాలువా కప్పుకుని, మెడ దగ్గర పిన్ను గుచ్చుకుని అద్దంలో చూసుకుంది. రెండు చేతులూ వదిలేసి భుజాలు విదిలించింది. శాలువా జారలేదు.

"పువ్వొద్దు, ఇదే ఉండనీ" అన్నది.

సెలవు ముగిశాక డిపోలో ఆమెను వేరే దారికి మార్చారు. పాత దారి కావాలని ఆమె అడగలేదు, వద్దనీ అనలేదు. కొత్త డ్రైవరు తనలో తాను పాటలు పాడుకునే మనిషి. వేగం ఎక్కువ. మొదటి వారంలోనే ఒక మలుపు దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు పడబోతే, ఆమె ముందుకు వెళ్ళి అతనికి గట్టిగా నాలుగు చీవాట్లు పెట్టింది. అతను చాలా రోజులు ముఖం ముడుచుకున్నాడు, పాటలు మాత్రం మానలేదు.

క్యాంటీన్లో వదిన మెడ దగ్గర నత్తను చూసి ఆడ కండక్టర్లు ఎవరు చేశారని అడిగారు. ఒకావిడ సంచి పట్టీ జారకుండా భుజానికి కావాలన్నది, ఇంకొకావిడ కూతురి కోటుకు కావాలన్నది. వర్క్‌షాపు మెకానిక్ వాళ్ళావిడకని వచ్చి, సిగ్గుపడుతూ పిచ్చుక బొమ్మ అడిగాడు. అత్తగారు వాటన్నిటినీ కంబళికి గుచ్చి లాగి చూశాకే ఇంట్లోంచి బయటికి వదిలేది. ఆ కంబళి ఒక పక్క పూర్తిగా చిరిగిపోయింది.

ఆమె ఏడ్చిందా అంటే, లేదు. ఆ ఏడాది మొత్తంలో ఏడవలేదు. కొన్ని రోజులు లోపల ఏదో కదిలినట్టుండేది. కొన్ని రోజులు మళ్ళీ అంతా సూది వేసిన దవడే. ఆమె దాని గురించి ఎవరికీ చెప్పలేదు. అత్తగారు కూడా ఇక అడగడం మానేసింది.

కొత్త దారి చివర రాళ్ళ క్వారీ ఉంది. అక్కడ బస్సు కాసేపు ఆగాలి. డ్రైవరు వెనక సీటు మీద పడుకుని కూనిరాగం తీస్తుంటే ఆమె మెట్టు మీద కూర్చుని చట్రం ఒళ్ళో పెట్టుకునేది. ఒక మధ్యాహ్నం కుట్టు పిచ్చుక బొమ్మ రెక్క దగ్గరికి వచ్చింది. ఊదా పూస పక్కన నలుపు పెట్టాలా, మట్టిరంగు పెట్టాలా అని రెండూ పెట్టి చూసింది, తీసింది, మళ్ళీ పెట్టింది. ఎవరో రేకు మీద దబదబ కొట్టేదాకా ఆమె తలెత్తలేదు. చుట్టూ క్వారీ పనివాళ్ళు, ఒంటి నిండా తెల్ల దుమ్ముతో, ఎప్పట్నుంచి నిలబడి ఉన్నారో.

"ఏమమ్మా, బండి ఇవాళ కదిలేదుందా, ఇక్కడే కాపురమా?" అన్నాడు ఒకతను.

"మట్టిరంగే బాగుంది" అన్నది వెనకనున్న ఆడమనిషి, ఆమె భుజం మీదుగా చూస్తూ.

ఆమె మట్టిరంగు పూసను సూదికి ఎక్కించి, రెక్క మీద కుట్టి, సూదిని చట్రం గుడ్డకు గుచ్చి లేచింది. "ఎక్కండి, ఎక్కండి" అంటూ పక్కకు జరిగి వాళ్ళకు దారి ఇచ్చింది. బస్సు ఆరోజు ఆలస్యంగా బయల్దేరింది.